డెయిరీ సాఫ్ట్‌వేర్‌ని ఒక్క సర్వర్ నుంచి కూబర్నెటీస్‌కి మార్చిన డైరీ: ఎక్కడెక్కడ పగిలిందో

2024 జూన్ నుంచి డిసెంబర్ దాకా రాసుకున్న నోట్సు ఇది. అంకెలు నా నోటుపుస్తకంలోవే, వాక్యాలు మాత్రం కొంచెం సర్దాను. పాత జావా అప్లికేషన్‌ని క్లౌడ్‌కి తీసుకెళ్లే పనిలో మీరూ ఉంటే, ఏ మెట్టు దగ్గర కాలు జారుతుందో ముందే తెలుస్తుందని పెడుతున్నాను. ఒక్క మాట మాత్రం ముందే చెప్తా. మాకు తగిలిన దెబ్బల్లో కూబర్నెటీస్ (చాలా మిషన్ల మీద ప్రోగ్రాముల్ని నడిపి, పడిపోయినదాన్ని మళ్లీ లేపే వ్యవస్థ) వల్ల వచ్చినవి తక్కువే. తొమ్మిదేళ్లుగా ఒకే మిషన్ మీద నడుస్తోంది కాబట్టి మేము తెలియకుండానే నమ్ముకున్నవి కొన్ని ఉన్నాయి (ఒకే గడియారం, ఒకే మెమరీ, ఒకే షెడ్యూలర్), అవి ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

దశ 0: మార్చకముందు కొలిచినవి

మాది నలుగురి టీమ్. కోస్తాలో ఒక మోస్తరు ప్రైవేటు డెయిరీకి పాల సేకరణ, డిస్పాచ్, రైతుల బిల్లులు చూసే సాఫ్ట్‌వేర్ మాదే. 312 ఊళ్లలో పాలకేంద్రాలు, ఆ పాలు చల్లబరిచే బీఎంసీలు 14, పాలు పోసే రైతులు 18 వేల చిల్లర. రైతు క్యాన్ పెట్టగానే తూకం వేసి, ఎనలైజర్‌లో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) చూసి కేంద్రంలోని మిషన్ ఒక స్లిప్పు కొడుతుంది. అదే స్లిప్పు నెట్‌లో మా సర్వర్‌కి వస్తుంది. 1, 11, 21 తేదీల్లో ఆ పది రోజుల స్లిప్పులన్నీ కూడి బిల్లు తీస్తే రైతు ఖాతాలో డబ్బు పడుతుంది.

జూన్ మొదటి వారం లెక్క:

1. రోజుకు స్లిప్పులు దాదాపు 36 వేలు. ఉదయం రద్దీలో సెకనుకు ఐదారు.
2. స్లిప్పు సేవ్ అవడానికి మామూలు రోజున 180 మిల్లీసెకన్లు, బిల్లులు తీసే రోజున 2.4 సెకన్లు.
3. రిలీజ్‌కి సర్వర్ ఆపాల్సిన సమయం 40 నిమిషాలు.
4. నెల ఖర్చు (కరెంటు, యూపీఎస్, బ్యాకప్, లీజు లైను) రూ. 21,000.

సెకనుకు ఐదారు స్లిప్పులంటే అది కూబర్నెటీస్ అడిగే లోడ్ కానే కాదు, ఎవరైనా నవ్వుతారు కూడా. మా బాధ మూడో అంకెతో. అర్ధరాత్రి ఒంటిగంట నుంచి పాల వ్యాన్ల డిస్పాచ్, ఐదున్నర నుంచి తొమ్మిది దాకా ఉదయం పూట సేకరణ, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా మళ్లీ సేకరణ, ఆ తర్వాత లెక్కల క్లోజింగ్. సర్వర్ ఆపడానికి మిగిలేది రాత్రి పది నుంచి పన్నెండున్నర వరకే. అందుకే ఐదారు వారాలకోసారి రిలీజ్ చేసేవాళ్లం, అన్ని మార్పులూ ఒకేసారి వెళ్లేవి, ఏది పగిలిందో తెల్లారేసరికి గాని తెలిసేది కాదు.

దశ 1: కంటైనర్‌లో పెట్టడం (జూన్ 10 – 28)

కంటైనర్ అంటే అప్లికేషన్‌నీ దానికి కావలసినవన్నిటినీ ఒకే పెట్టెలో కట్టి నడిపే పద్ధతి. చేసిన వరుస:

1. జావా 8 నుంచి 17కి మార్చడం. ఆరు రోజులు. ఎక్స్‌ఎంఎల్ చదివే జాక్స్‌బీ లైబ్రరీ జావా 11 నుంచి జావాతో పాటు రాదు, విడిగా కలుపుకోవాలి. సగం ఎర్రర్లు అక్కడివే.
2. కోడ్‌లో నేరుగా రాసేసిన ఐపీలు, ఫోల్డర్ దారులు, పాస్‌వర్డులు 43 చోట్ల దొరికాయి. అన్నీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోకి (కోడ్ బయట నుంచి ఇచ్చే సెట్టింగులు).
3. డాకర్ ఇమేజ్ (ఆ పెట్టెకి మూస). మొదటిది 1.3 జీబీ వచ్చింది. బిల్డ్ ఒక దశలో, నడిపేది ఇంకో దశలో, అదీ జేఆర్‌ఈతో (జావాని నడిపే భాగం) మాత్రమే పెట్టాక 310 ఎంబీకి దిగింది.

మొదటి దెబ్బ ఫాంట్‌ది. రైతు బిల్లు పీడీఎఫ్‌లో పేర్లు తెలుగులో వస్తాయి. చిన్న బేస్ ఇమేజ్‌లో ఫాంట్లు ఉండవు కదా, రిపోర్ట్ తీయగానే ఫాంట్ కాన్ఫిగరేషన్ దగ్గర నల్ పాయింటర్ ఎర్రర్. ఫాంట్‌కాన్ఫిగ్ ప్యాకేజీ వేస్తే ఎర్రర్ పోయింది గాని పేర్ల చోట డబ్బాలు డబ్బాలుగా వచ్చాయి. తెలుగు ఫాంట్ ఫైల్‌ని కూడా ఇమేజ్‌లోకి కాపీ చేశాక సరిపోయింది. పాత సర్వర్ మీద ఆ ఫాంట్ ఎవరు ఎప్పుడు వేశారో టీమ్‌లో ఎవరికీ గుర్తు లేదు.

రెండోది మెమరీ. కంటైనర్‌కి 2 జీబీ హద్దు పెట్టాం. పాత స్టార్ట్ స్క్రిప్టులో మాత్రం జావా హీప్ (జావా తన డేటాకి వాడుకునే మెమరీ) 4 జీబీ అని అలాగే ఉండిపోయింది. ఓ గంట బాగానే నడిచి చప్పుడు లేకుండా పోయేది. లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు, ఎందుకంటే చంపేది కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె), జావాకి చెప్పుకునే అవకాశమే ఇవ్వదు. దొరికే గుర్తల్లా ఎగ్జిట్ కోడ్ 137, అంటే 128కి 9వ సిగ్నల్ కలిపితే వచ్చేది. హీప్‌ని అంకెలో చెప్పడం మానేసి కంటైనర్ మెమరీలో 70 శాతం అని చెప్పాం. ఏమీ చెప్పకపోతే జావా 25 శాతమే తీసుకుంటుంది, అంటే మిగతాదానికి ఊరికే డబ్బు కట్టినట్టు.

ఇప్పటిదాకా: 38 మనిషి-రోజులు, క్లౌడ్ బిల్లు రూ. 0.

దశ 2: క్లస్టర్, ఐదు కేంద్రాలు (జూలై)

ముంబై రీజియన్‌లో మేనేజ్డ్ కూబర్నెటీస్, వెర్షన్ 1.30, 4 జీబీ నోడ్లు (మిషన్లు) మూడు, అన్నీ కలిపి ఒక క్లస్టర్. డేటాబేస్ (పోస్ట్‌గ్రెస్) క్లస్టర్ బయట విడి మిషన్ మీద. డేటాబేస్‌ని క్లస్టర్‌లోకి తేవాలని ఇప్పటికీ అనుకోవట్లేదు, నలుగురం దాన్ని కాపలా కాయలేం.

జూలై 9న కొత్త పాడ్ (కూబర్నెటీస్‌లో కంటైనర్ నడిచే గూడు) పెండింగ్‌లో ఆగిపోయింది. నోడ్లలో మెమరీ 40 శాతం కూడా నిండలేదు, మరి చోటు లేదంటుందేంటి అని మధ్యాహ్నమంతా తల పట్టుకున్నాం. విషయం ఐపీ అడ్రసులది. మేము తీసుకున్న రకం నోడ్‌కి మూడు నెట్‌వర్క్ కార్డులు, ఒక్కోదానికి ఆరు అడ్రసులు, అందులో ఒకటి కార్డుకే పోతుంది. మూడైదులు పదిహేను, హోస్ట్ నెట్‌వర్క్ వాడుకునే పాడ్లు రెండు కలిపితే నోడ్‌కి 17 పాడ్లే. అందులో ఐదు సిస్టమ్ పాడ్లే తినేస్తున్నాయి. అడ్రసుల్ని ఒక్కొక్కటిగా కాకుండా 16 అడ్రసుల బ్లాకులుగా తీసుకునే సెట్టింగ్ ఒకటుంది, అది పెట్టి నోడ్లు మళ్లీ సృష్టిస్తే హద్దు 110కి పెరిగింది. నోడ్ కొనేముందు మెమరీతో పాటు ఈ పాడ్ల హద్దు కూడా చూసుకోండి.

జూలై 15. పాడ్ లేస్తుంది, చస్తుంది, మళ్లీ లేస్తుంది. మా అప్లికేషన్ లేవడానికి అర సీపీయూ మీద 70 సెకన్లు పడుతోంది, బతికుందా అని అడిగే లైవ్‌నెస్ ప్రోబ్ మాత్రం 30వ సెకనులోనే అడగడం మొదలుపెట్టి జవాబు రాలేదని చంపేస్తోంది. స్టార్టప్ ప్రోబ్ విడిగా పెట్టాం, 150 సెకన్ల గడువుతో.

జూలై 18. కొత్త వెర్షన్ పెట్టినప్పుడల్లా పాత పాడ్ సరిగ్గా 30 సెకన్లు వేలాడి చనిపోతోంది, మధ్యలో ఉన్న స్లిప్పులు తెగిపోతున్నాయి. స్టార్ట్ స్క్రిప్ట్ షెల్ మొదటి ప్రాసెస్‌గా నిలబడి, ఆపమని వచ్చిన సిగ్నల్‌ని జావా దాకా పోనివ్వట్లేదు. స్క్రిప్ట్ చివరి లైను ముందు ఎగ్జెక్ అని ఒక్క మాట చేరిస్తే పాడ్ 4 సెకన్లలో మర్యాదగా దిగిపోతోంది.

ఇక గడియారం. పాత సర్వర్ ఇండియా టైంలో ఉండేది, కంటైనర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) లేచింది. అయిదున్నర గంటల తేడా ఎవరికి తెలియదు, అందరికీ తెలుసు, కానీ మా కోడ్‌లో "12 లోపు గంట అయితే ఉదయం పూట" అని ఒక లైను ఉందని ఎవరికీ గుర్తు లేదు. సాయంత్రం ఐదు గంటలకి పాలు పోస్తే యూటీసీలో పదకొండున్నర, అంటే ఉదయం పూట. "ఈ రైతు ఈ పూట ఇప్పటికే పోశారు" అని మిషన్ క్యాన్‌ని వెనక్కి పంపేసేది. ఐదున్నర దాటాక వచ్చినవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రం పెందలాడే వచ్చే రైతులకే తప్పు జరుగుతోందని కేంద్రం ఏజెంటు చెప్తే, మొదటి రోజు నేను నమ్మలేదు, నెట్ ప్రాబ్లమ్ అన్నాను. తప్పు నాదే.

అదే తప్పు డిస్పాచ్‌లో ఇంకా లోతుగా తగిలింది. ఆగస్టు 1 తెల్లవారుజామున తీసిన 64 ఇన్‌వాయిస్‌లు జూలై 31 తేదీతో వెళ్లాయి. పాల ప్యాకెట్లకి జీఎస్టీ లేదు కాబట్టి వాటితో గొడవ లేదు. నెయ్యి, పనీరు ఉన్న ఇన్‌వాయిస్‌లు మాత్రం నెల మారిపోయాయి. అకౌంటెంట్ గారు ఒక పూటంతా కూర్చుని 19 బిల్లులు రద్దు చేసి మళ్లీ తీశారు.

మార్చింది రెండు మెట్లలో. మొదట అత్యవసరంగా కంటైనర్‌కీ జావాకీ టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా అని పెట్టాం. తర్వాత నిదానంగా, ప్రతి రికార్డులో "వ్యాపార తేదీ", "పూట" అని రెండు విడి గడులు పెట్టి, అవి సర్వర్ గడియారం నుంచి కాకుండా కేంద్రం మిషన్ పంపిన టైం నుంచే తీసుకునేలా చేశాం.

ఇప్పటిదాకా: 82 మనిషి-రోజులు, క్లౌడ్ బిల్లు రూ. 31,400.

దశ 3: ఒకటి కాస్తా రెండైతే (ఆగస్టు)

46 కేంద్రాలు మార్చాం. ఒక పాడ్ పోయినా ఇంకోటి ఉండాలని కాపీలు రెండు చేశాం. ఈ నెలలో రాత్రి ఫోన్లు ఎక్కువ.

ఆగస్టు 19 ఉదయం. 2,640 స్లిప్పుల మొత్తం 13,240 కిలోలు, బీఎంసీల్లో దిగిన పాలు 13,020. తేడా 220 కిలోలు. క్యాన్లకి అంటుకునేది, ఒలికేది కలిపి మామూలుగా 30, 40 కిలోలు తరుగు పోతుంది, 220 పోదు. బీఎంసీ సూపర్‌వైజర్ మొదట ట్యాంకర్ డ్రైవర్‌ని అనుమానించాడు పాపం. మేము డేటాబేస్ చూస్తే 37 స్లిప్పులు రెండేసి సార్లు ఉన్నాయి.

కారణం: ఊళ్లో నెట్ నీరసంగా ఉంటే, ఐదు సెకన్లలో జవాబు రాకపోతే మిషన్ అదే స్లిప్పు మళ్లీ పంపుతుంది. పాత సర్వర్‌లో ఇటీవలి స్లిప్పులన్నీ జావా మెమరీలో ఒక మ్యాప్‌లో పెట్టుకుని రెండోదాన్ని పారేసేవాళ్లం. ఆ కోడ్ నేనే రాశా, 2016లో. ఇప్పుడు మొదటి స్లిప్పు ఒక పాడ్‌కి, రెండోది ఇంకో పాడ్‌కి వెళ్తే, దాని మ్యాప్‌లో ఇది లేదు కాబట్టి కొత్త స్లిప్పే అనుకుంటుంది.

1. మ్యాప్ తీసేసి డేటాబేస్‌లో యూనిక్ ఇండెక్స్ (ఇవన్నీ ఒకేలా ఉన్న వరుసని రెండోసారి ఎక్కనివ్వనిది): కేంద్రం, తేదీ, పూట, స్లిప్పు నంబరు. మళ్లీ వస్తే ఎర్రర్ ఇవ్వకుండా వదిలేసి "అందింది" అని జవాబు.
2. రెండు రోజుల్లో కొత్త ఫిర్యాదు, స్లిప్పులు మాయం. పాత మోడల్ మిషన్లలో బ్యాటరీ దిగి ఆగి లేస్తే స్లిప్పు నంబరు మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. మా ఇండెక్స్ వాటిని నకిలీ అనుకుని మింగేసింది, పైగా "అందింది" అని అబద్ధం కూడా చెప్పింది.
3. ఇండెక్స్‌కి రైతు నంబరు, పాల రకం, తూకం చేర్చాం. ఒకే రైతు ఒకే పూట ఆవు పాలు, గేదె పాలు రెండూ పోయవచ్చు కాబట్టి రకం తప్పనిసరి.
4. మింగేసిన స్లిప్పులు 11, కేంద్రాల్లోని కాగితాలు చూసి చేత్తో ఎక్కించాం.

ఆగస్టు 21 రాత్రి. పదకొండు దాటాక అకౌంటెంట్ గారి ఫోన్.

"ఏం బాబూ, ఈసారి రైతులకి డబుల్ పేమెంటా? బ్యాంకు ఫైళ్లు రెండొచ్చాయి, రెండింట్లోనూ 2,681 పేర్లే."

ఒక్క క్షణం నోట మాట రాలేదు. "ఏదీ అప్‌లోడ్ చెయ్యలేదు కదండీ?" అంటే, "నాకు అనుమానమొచ్చే కదా నీకు ఫోన్ చేసింది" అన్నారు. బిల్లు తీసే టైమర్ అప్లికేషన్ లోపలే ఉంది. పాడ్లు రెండు, టైమర్లూ రెండు. ఆయన రిటైరవ్వడానికి రెండేళ్లుంది, మా టెస్టింగ్‌లో ఆయనది విడి మెట్టు అని అప్పుడే రాసుకున్నా.

టైమర్‌ని అప్లికేషన్ నుంచి పీకేసి కూబర్నెటీస్ క్రాన్‌జాబ్‌గా (చెప్పిన వేళకి పని మొదలుపెట్టేది) పెట్టాం. టైమ్‌జోన్ నేరుగా ఇచ్చే వీలు 1.27 నుంచి స్థిరంగా ఉంది, ఒకటి నడుస్తుండగా ఇంకోటి మొదలవకుండా ఫర్‌బిడ్ అని పెట్టొచ్చు. అంతటితో ఆగకండి. అరుదుగా ఒకే వేళకి రెండు జాబులు లేచే అవకాశం ఉందని కూబర్నెటీస్ డాక్యుమెంటేషనే చెప్తుంది. కాబట్టి "ఆగస్టు 11 – 20 బిల్లు" అని డేటాబేస్‌లో ఒక వరుస, దాన్ని ముందు ఎవరు పట్టుకుంటే వాళ్లదే బిల్లు, రెండోవాళ్లు నోరుమూసుకుని వెళ్లిపోవాలి.

ఇప్పటిదాకా: 117 మనిషి-రోజులు, క్లౌడ్ బిల్లు మొత్తం రూ. 78,300.

దశ 4: ముక్కలు చేయడం, మళ్లీ అతికించడం (సెప్టెంబర్, అక్టోబర్)

సెప్టెంబర్ 1. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు మునిగిన రోజు. డెయిరీ ప్లాంటులోకి నీళ్లు రాలేదు గాని రెండు రోజులు కరెంటు లేదు. జనరేటర్ డీజిల్ ముందు పాల చిల్లింగ్‌కే, అది న్యాయం, పాలు విరిగిపోతే సర్వర్ ఏం చేసుకుంటాం. పాత సర్వర్ ఆగిపోయింది. 266 కేంద్రాల్లో నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. క్లౌడ్ మీదున్న 46 కేంద్రాల్లోనూ చాలా ఊళ్లలో నెట్ లేదు, కాకపోతే మిషన్లు స్లిప్పులు దాచుకుని నెట్ రాగానే ఒక్కసారిగా పంపాయి. సెకనుకు 23 దాకా వెళ్లింది, మేము చూసిన అతి పెద్ద అంకె అదే. క్లౌడ్ మీద అంతవరకు అనుమానంగా ఉన్న డెయిరీ పెద్దాయన మిగతావాటిని ఎప్పుడు మారుస్తారని తనే అడగడం ఆ వారమే మొదలైంది. నా ప్రెజెంటేషన్లు చేయలేని పని డీజిల్ చేసింది.

ముక్కలు చేసే పద్ధతికి మేము పెట్టుకున్న పేరు మర్రి పద్ధతి. తాటిచెట్టు మీద మర్రి మొలిచి చుట్టూ అల్లుకుంటుంది చూడండి, అలా పాత అప్లికేషన్ చుట్టూ ఒక్కో పనికి ఒక్కో కొత్త సర్వీస్ కట్టుకుంటూ రావాలని. కాగితం మీద ఆరు సర్వీసులు గీశాం. కట్టింది నాలుగు: స్లిప్పులు, డిస్పాచ్, రేటు లెక్క, మిగతా పాతదంతా ఒకటి.

మొదటి వారంలోనే రిలీజ్ చేసిన నిమిషంలో అంతా కూలేది, మళ్లీ దానంతటదే లేచేది. పోస్ట్‌గ్రెస్‌కి మామూలుగా 100 కనెక్షన్లు. నాలుగు సర్వీసులు, రెండేసి పాడ్లు, పాడ్‌కి పది కనెక్షన్ల పూల్ (ఎప్పుడూ తెరిచి ఉంచుకునేవి), అంటే 80, రిపోర్టులకి ఇంకో ఎనిమిది. రోజూ సరిపోతోంది. రిలీజ్ అప్పుడు పాతది దిగకముందే కొత్తది లేస్తుంది కాబట్టి సర్వీస్‌కి ఒక పాడ్ అదనం, నాలుగూ కలిపి చేస్తే ఇంకో 40. మొత్తం 128. పాడ్‌లో ఒకేసారి నిజంగా వాడుతున్న కనెక్షన్లు వారమంతా కొలిస్తే మూడు దాటలేదు. పూల్ 4కి తగ్గించాం, గొడవ అయిపోయింది.

అక్టోబర్ 1 బిల్లు రోజు ఇంకోటి. డేటాబేస్ నెమ్మదించింది. మా లైవ్‌నెస్ ప్రోబ్ డేటాబేస్‌ని కూడా పలకరించి వస్తుంది, సెకనులో జవాబు రాక మూడుసార్లు తప్పాక పాడ్లన్నీ ఒకేసారి రీస్టార్ట్. లేవడానికి 70 సెకన్లు, లేవగానే అన్నీ కలిసి డేటాబేస్ మీద పడటం, అది ఇంకా నెమ్మదించడం. లైవ్‌నెస్‌లో డేటాబేస్ ప్రశ్న తీసేసి రెడీనెస్‌లో (తప్పితే పాడ్‌ని చంపకుండా దానికి పని పంపడం మాత్రమే ఆపే ప్రోబ్) పెట్టాం.

అసలు కథ రేటు సర్వీస్‌ది. టీమ్‌లో చిన్నవాడికి పైథాన్ బాగా వచ్చు, లెక్క చిన్నది కదా అని పైథాన్‌లో రాశాడు. అక్టోబర్ 12న ఒక కేంద్రం ఏజెంటు ఫోన్ చేశాడు.

"సార్, ఇక్కడ ఒకామె ఎనిమిది రూపాయలు తక్కువ పడ్డాయంటోంది. రోజూ రాసుకుంటది సార్ ఆమె, ఆమె లెక్క తప్పదు."

వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. పిల్లల స్కూలు నోటుపుస్తకం, స్కేలు పెట్టి గీసిన గళ్లు: తేదీ, పూట, కిలోలు, వెన్న, డబ్బులు. ఒక వరుస కింద ఎర్ర పెన్నుతో గీత. గేదె పాలు పది కిలోలు, వెన్న 6.25.

డెయిరీ నిబంధన ప్రకారం వెన్నని ఒక్క దశాంశానికి సర్దాలి. పాత జావా కోడ్ 6.25ని 6.3 చేసేది. పైథాన్ రౌండ్ ఫంక్షన్ 6.2 చేస్తుంది, సరిగ్గా మధ్యలో ఉంటే సరి అంకె వైపు మొగ్గడం దాని పద్ధతి. 6.3 అయితే కిలో ఫ్యాట్ రూ. 800 చొప్పున 630 గ్రాములకి రూ. 504, 6.2 అయితే రూ. 496. ఆమె చెప్పిన ఎనిమిది రూపాయలు. 6.35 దగ్గర ఇంకో తప్పు, బైనరీలో ఆ అంకె నిజంగా 6.35 కంటే వెంట్రుకవాసి తక్కువగా నిలుస్తుంది కాబట్టి అదీ 6.3కి దిగుతోంది. అప్పటికి 120 కేంద్రాలు మారాయి. ఆ పది రోజుల్లో తప్పు పడ్డ స్లిప్పులు 5,611, రైతులకి తక్కువైంది రూ. 22,870. తర్వాతి బిల్లులో విడి వరుసగా వేసి ఇచ్చాం. మా దగ్గర ఆటోమేటిక్ టెస్టులు 214 ఉన్నాయి, ఒక్కదానిలోనూ 6.25 లేదు. ఇప్పుడు ఉంది, ఆ నోటుపుస్తకంలోని పది రోజుల వరుసలన్నీ టెస్ట్ డేటాలో ఉన్నాయి.

డెసిమల్ (బైనరీలో కాకుండా దశాంశంలోనే లెక్కించేది) వాడి సరిచేయడం గంట పని. కానీ కొలిస్తే ఇంకోటి తేలింది. 312 కేంద్రాలూ మారాక పదిరోజుల బిల్లుకి 3,60,000 స్లిప్పులు, ఒక్కోదానికి రేటు సర్వీస్‌ని నెట్‌వర్క్‌లో అడగాలి, అడిగినప్పుడల్లా 9 మిల్లీసెకన్లు. 54 నిమిషాలు. అదే లెక్క పాతదాని కడుపులో ఉన్నప్పుడు 6 నిమిషాలు. చిన్నవాడికి చెప్పడానికి మొహమాటపడ్డాను గాని వాడే ముందు అన్నాడు, "అన్నా, ఇది మళ్లీ లోపల పెట్టేద్దాం" అని. పెట్టేశాం. ముక్కలు చేసినదాన్ని వెనక్కి కలపడం పరువు తక్కువేం కాదు, ప్రైమ్ వీడియో వాళ్లు 2023లో వీడియో నాణ్యత చూసే ఒక సర్వీస్‌ని ఇలాగే ఒకటిగా కలిపేసి 90 శాతానికి పైగా ఖర్చు తగ్గించుకున్నామని తామే రాశారు. మాకు మూడు మిగిలాయి: స్లిప్పులు, డిస్పాచ్, మిగతాదంతా. స్లిప్పులకీ డిస్పాచ్‌కీ రద్దీ వేళలు వేరు, రిలీజ్ వేళలు వేరు, కాబట్టి ఆ గీత నిలబడింది. మిగతా గీతలు మేము బోర్డు మీద ముచ్చటపడి గీసినవి.

ఇప్పటిదాకా: 213 మనిషి-రోజులు, క్లౌడ్ బిల్లు మొత్తం రూ. 2,28,000.

దశ 5: ఖర్చు దించడం (నవంబర్, డిసెంబర్)

నెలవారీ బిల్లు: జూలై 31,400, ఆగస్టు 46,900, సెప్టెంబర్ 78,200, అక్టోబర్ 71,500, నవంబర్ 49,300, డిసెంబర్ 44,800.

సెప్టెంబర్ ఎందుకు అలా లేచిందంటే, ఒక్కో సర్వీస్‌కి ఒక్కో లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే ట్రాఫిక్‌ని పాడ్లకి పంచేది), టెస్టింగ్‌వి కలిపి ఏడు, వాటిలో మూడింటికి ట్రాఫిక్కే లేదు. లాగ్ స్థాయి డీబగ్‌లో వదిలేశాం, లాగులకి జీబీ లెక్కన డబ్బు. ఇమేజ్‌లు దింపుకోవడం కూడా నాట్ గేట్‌వే (క్లస్టర్ నుంచి ఇంటర్నెట్‌కి వెళ్లే దారి) గుండా పోతోంది, దానికీ జీబీ లెక్కే.

1. ఒక్క ఇంగ్రెస్ (అన్ని సర్వీసులకీ ఒకే ద్వారం), ఒక్క లోడ్ బ్యాలెన్సర్.
2. లాగ్ స్థాయి ఇన్ఫో, 14 రోజులు దాటినవి తీసేయడం.
3. ఇమేజ్ రిజిస్ట్రీకి ప్రైవేట్ ఎండ్‌పాయింట్.
4. టెస్టింగ్ క్లస్టర్ రాత్రి తొమ్మిదికి పడుకుంటుంది.

ఆటోస్కేలింగ్ గురించి ఒక మాట. సీపీయూ చూసి పాడ్లు పెంచే పద్ధతి మాకు పనికిరాలేదు. అది గమనించి, పాడ్ లేచి, సిద్ధమయ్యేసరికి నిమిషంన్నర, నెట్ తిరిగొచ్చినప్పటి తాకిడి రెండు నిమిషాల్లో అయిపోతుంది. గేదెలు టైం తప్పవు కదా, పాలు ఎప్పుడొస్తాయో మాకు ముందే తెలుసు. కేడా అనే టూల్‌లో గడియారం చూసి పాడ్లు పెంచే క్రాన్ స్కేలర్‌తో ఉదయం 4:45కి, మధ్యాహ్నం 3:30కి స్లిప్పుల పాడ్లు నాలుగు, మిగతా వేళ రెండు.

డిసెంబర్ ఆఖరి కొలతలు: స్లిప్పు సేవ్ 95 మిల్లీసెకన్లు, బిల్లు రోజున 140. రిలీజ్‌కి ఆపే సమయం సున్నా. డిసెంబర్‌లో రిలీజులు 9, అందులో రెండు వెనక్కి తిప్పాం, ఒక్కోదానికి రెండు నిమిషాల లోపే పట్టింది.

పెద్దాయన మాత్రం బిల్లులు పక్కపక్కన పెట్టి అడిగారు, "ఇరవై ఒక్క వేలు అయ్యేది నలభై అయిదు అవుతోంది, ఏం కొన్నట్టు?" నిజమే, రెట్టింపు దాటింది, తగ్గించి చెప్పలేదు. పగటిపూట చేసిన రిలీజుల జాబితా, సెప్టెంబర్‌లో నోటుపుస్తకాల నుంచి స్లిప్పులు ఎక్కించడానికి పట్టిన 17 మనిషి-రోజులు ముందు పెట్టా. కాసేపు చూసి, "మార్చి దాకా చూద్దాం, నలభై లోపుకి తీసుకురా" అన్నారు.

మొత్తం: 253 మనిషి-రోజులు, క్లౌడ్ బిల్లు రూ. 3,22,100.

మిగిలినవి

కూబర్నెటీస్ కొత్త వెర్షన్లు ఏడాదికి మూడు వస్తాయి, ఒక్కోదానికి మద్దతు 14 నెలలే. 1.30 నుంచి పైకి ఎక్కాలి, ఫిబ్రవరి మొదటి వారం అనుకున్నాం, బిల్లు తేదీలు తప్పించి. డేటాబేస్ బ్యాకప్ తిరిగి ఎక్కించే రిహార్సల్ ఒక్కసారే చేశాం, 52 నిమిషాలు పట్టింది, ఇంకా తగ్గాలి.

పాత సర్వర్ ఇప్పటికీ ఆ గదిలో ఏసీ కింద నడుస్తూనే ఉంది. ఆపేద్దామంటే అకౌంటెంట్ గారు ఒప్పుకోవట్లేదు, మార్చి ఆడిట్ అయ్యేదాకా ఉండనీ అంటున్నారు. బిల్లు రోజు వచ్చిందంటే రాత్రి పదకొండుకి దాని మీద టైమర్ లేచి, పాలు లేని బిల్లు ఒకటి తీసి పెడుతోంది.